25 శాతం అంటే ఎంత? ఆన్‌లైన్ ఆటల్లో క్రిటికల్ దెబ్బ లెక్క

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో మన పాత్ర వివరాలు తెరిస్తే బలం, ప్రాణం, కవచం లాంటి వాటి పక్కనే ఒక శాతం కనిపిస్తుంది. క్రిటికల్ హిట్ ఛాన్స్ 25 శాతం. ఆడేవాళ్ల నోట్లో అది ఉత్త క్రిట్. వేసిన దెబ్బ మామూలుగా కాకుండా ఒకటిన్నర రెట్లో, రెండు రెట్లో పడటానికి ఉన్న అవకాశం అది. 25 శాతం అంటే నాలుగింట ఒకటి, ఇందులో తేల్చుకోవలసింది ఏముంది అనిపిస్తుంది. కానీ దేనిలో నాలుగింట ఒకటి? విసిరిన దెబ్బల్లోనా, తగిలిన దెబ్బల్లోనా? పాచిక ఒకసారి వేస్తారా, రెండుసార్లా? కిందటి దెబ్బ ఏమైందో ఈ దెబ్బకు గుర్తుంటుందా? ఒక్కో ఆట వీటికి ఒక్కో జవాబు ఇస్తుంది. ఆ జవాబుల్ని బట్టి ఒకే 25 శాతం ఒక ఆటలో 20కి పడిపోతుంది, ఇంకో ఆటలో 25గానే ఉండి మరో తీరుగా నడుస్తుంది. ఆట ఎలా ఆడాలో, ఏ ఆయుధం కొనాలో, ఎంతసేపు శ్రమపడాలో తేల్చే లెక్క ఇది. దాన్ని ఆడేవాళ్లకు సగమే చూపించడం చాలాకాలంగా అలవాటైపోయింది.

క్రిట్ కంప్యూటర్లో పుట్టలేదు. 1975లో ఎం.ఎ.ఆర్. బార్కర్ రాసిన 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' అనే ఆట బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడేది. దాని నియమాల్లో 20 ముఖాల పాచిక మీద 20 పడితే దెబ్బ రెట్టింపు. అంటే 5 శాతం. 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్‌కు ఈ ఆలోచన నచ్చలేదు. 1979లో వచ్చిన నియమ గ్రంథంలో దాన్ని కాదన్నాడు. రాక్షసుడికీ అదే హక్కు ఇస్తే ఆటగాడు పెంచుకుంటూ వచ్చిన పాత్ర ఒక్క చెడ్డ పాచికతో పోతుందన్నది ఆయన బాధ. ఆయన వాదన ఓడిపోయింది, 5 శాతం మాత్రం నిలిచింది. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్', 'డయాబ్లో 3', 'ఫైనల్ ఫాంటసీ 14', 'గెన్షిన్ ఇంపాక్ట్' అన్నీ ఒకే దేశంలో, ఒకే కాలంలో తయారైన ఆటలు కావు. అన్నిటిలోనూ ఏ అలంకారమూ లేని పాత్రకు దొరికే మొదటి క్రిట్ 5 శాతమే.

2000లో వచ్చిన డన్జన్స్ మూడో కూర్పు ఇంకో మెలిక పెట్టింది. పాచిక మీద పెద్ద అంకె పడితే అది క్రిట్‌కు అర్హత మాత్రమే. మరోసారి పాచిక వేసి, అదీ తగిలితేనే నిజమైన క్రిట్. అలా నియమం రెండు దారులుగా చీలింది. ఒకే పాచికతో అన్నీ తేల్చేయడం ఒకటి, మెట్టుమెట్టుగా అడుగుతూ పోవడం రెండోది. ఆన్‌లైన్ ఆటలు ఈ రెండు దారుల్నీ తీసుకున్నాయి.

మొదటి దారికి గట్టి ఉదాహరణ 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అందులో కత్తి దెబ్బకు సర్వర్ ఒక్క అంకె తీస్తుంది. దాన్ని 100 విస్తళ్లు వేసిన పంక్తి అనుకుందాం. ముందు గురి తప్పిన దెబ్బలు కూర్చుంటాయి. ఆ తర్వాత శత్రువు పక్కకు తప్పుకున్నవి. ఆ తర్వాత పైపైన రాసుకుపోయినవి. అప్పుడు క్రిట్‌లు. మిగిలిన విస్తళ్లు మామూలు దెబ్బలకు. 60వ లెవెల్ యోధుడు రెండు చేతులా కత్తులు పట్టి తనకంటే మూడు లెవెళ్లు పైనున్న బాస్‌ను, అంటే పెద్ద శత్రువును, వెనకనుంచి కొడుతున్నాడనుకోండి. గురి తప్పేవి దాదాపు 27, తప్పుకునేవి 6.5, రాసుకుపోయేవి 40. మొత్తం 73.5. ఇక మిగిలింది 26.5. పాత్ర వివరాల్లో క్రిట్ 35 శాతం అని ఉన్నా, ఈ మామూలు దెబ్బల్లో 26.5కి మించి క్రిట్‌కు చోటే లేదు. 8.5 శాతం క్రిట్ గుమ్మంలోనే నిలబడిపోతుంది. ఆ క్రిట్ తెచ్చుకోవడానికి అతడు వారాల తరబడి గుహల్లో తిరిగి ఉంటాడు.

ఇక్కడే ఈ ఆటలో అందరికీ తెలిసినా చాలామందికి కారణం తెలియని ఒక సలహా అర్థమవుతుంది. కొత్త యోధుడు ఇంకాస్త క్రిట్ కావాలని వెతుకుతుంటే పాతవాళ్లు ముందు గురి పెంచుకోమంటారు. గురి తప్పేవి 6 శాతం తగ్గితే పంక్తిలో 6 విస్తళ్లు ఖాళీ అవుతాయి. అవి నేరుగా క్రిట్‌కు పోతాయి. ఒకే వస్తువు రెండు పనులు చేసింది, వివరాల పేజీలో మాత్రం క్రిట్ అంకె కదల్లేదు. చేతి నైపుణ్యంతో కొట్టే ప్రత్యేక దెబ్బలకు ఈ పరిమితి ఇంతగా వర్తించదు, ఎందుకంటే వాటిలో రాసుకుపోవడం ఉండదు.

అదే ఆటలో మాంత్రికుడు రెండో దారిలో నడుస్తాడు. అతడి మంత్రం తగిలిందా లేదా అని ముందు ఒక పాచిక. తగిలితే క్రిట్‌కు వేరే పాచిక. మూడు లెవెళ్లు పైనున్న బాస్ మీద మంత్రం తగిలే అవకాశం 83 శాతం. క్రిట్ 25 శాతం ఉంటే, విసిరిన మంత్రాల్లో నిజంగా క్రిట్ అయ్యేవి 20.75 శాతం. పక్కపక్కన నిలబడి ఒకే బాస్‌ను కొడుతున్న ఇద్దరికి తెర మీద ఒకే అంకె ఉండొచ్చు. ఒకడికి అది విసిరిన వాటిలో వాటా, ఇంకొకడికి తగిలిన వాటిలో వాటా.

కొరియాలో 2002లో మొదలైన 'రాగ్నరాక్ ఆన్‌లైన్' ఈ వరసనే తిరగేసింది. మన దేశానికి ప్రత్యేకంగా ఒక సర్వర్ కూడా కొన్నాళ్లు నడిచిన ఆట ఇది. అందులో క్రిట్ ప్రశ్న తగిలిందా అన్న ప్రశ్న కంటే ముందు వస్తుంది. అదృష్టం అనే గుణం 100 ఉంటే, దాన్ని 0.3తో గుణించి 1 కలిపితే 31 శాతం క్రిట్. ఎదుటివాడి అదృష్టంలో అయిదో వంతు అందులోంచి పోతుంది. అతడికి 50 ఉంటే మిగిలేది 21. కానీ ఆ 21కి ఒక వరం ఉంది. క్రిట్ పడిందంటే శత్రువు తప్పించుకునే నైపుణ్యం పనిచేయదు, కవచమూ అడ్డురాదు. చేతికి చిక్కకుండా తిరిగే శత్రువు మీద మామూలు దెబ్బలు గాలిలో కలిసిపోతుంటే క్రిట్‌లు మాత్రం తగులుతూనే ఉంటాయి. పాత రాగ్నరాక్‌లో క్రిట్ పని దెబ్బను పెద్దది చేయడం కంటే దెబ్బను నమ్మకమైనదిగా చేయడం. వరసలో ఒక్క ప్రశ్న ముందుకు జరపడంతో క్రిట్ స్వభావమే మారిపోయింది. నా దృష్టిలో ఈ రంగంలో అంత సొగసైన రూపకల్పన మళ్లీ రాలేదు.

2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన 'పాత్ ఆఫ్ ఎగ్జైల్' డన్జన్స్ మూడో కూర్పు బాట పట్టింది. దెబ్బ తగలాలి, క్రిట్ పాచిక పడాలి, ఆ మీద శత్రువు తప్పించుకోగలడా అని ఇంకోసారి చూడాలి. ఆ చివరి పరీక్షలో ఓడితే దెబ్బ పోదు గానీ మామూలు దెబ్బగా దిగిపోతుంది. గురి 80 శాతం, క్రిట్ 24 శాతం ఉంటే తగిలిన దెబ్బల్లో క్రిట్ 19.2 శాతం. ఆ 24 ఎలా వచ్చిందో కూడా చూడాలి. ఆయుధానికి 6 శాతం అసలు క్రిట్ ఉంటుంది. నైపుణ్య వృక్షం మీద, నగల మీద 'క్రిట్ 300 శాతం పెంపు' అని పోగవుతుంది. ఆ 300 ఆరు మీద పెంపు. 6కి 18 కలిస్తే 24. ఈ ఒక్క సంగతి తెలియక, 300 అన్న అంకె చూసి ప్రతి దెబ్బా క్రిట్ అవుతుందనుకుని మొదటి పాత్రను చెడగొట్టుకునేవాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు. తప్పు వాళ్లది కాదు. అసలు సొమ్ముకీ దాని మీద శాతానికీ ఒకే గుర్తు వాడిన తెరది. ఇంకొకటి, అందులో ఒకే విసురులో అయిదు బాణాలు పోయినా క్రిట్ పాచిక ఒక్కటే. అయితే అయిదూ క్రిట్, లేకపోతే ఒకటీ కాదు.

అంకె మీద ముసుగు వేసే ఇంకో పద్ధతి రేటింగ్. మొదట్లో వార్‌క్రాఫ్ట్ వస్తువుల మీద 'క్రిట్ 1 శాతం పెరుగుతుంది' అని సూటిగా రాసి ఉండేది. లెవెళ్లు పెరిగేకొద్దీ వస్తువులు పోగై అందరూ 100 శాతానికి చేరిపోతారన్న భయంతో 2006 డిసెంబర్ ప్యాచ్‌లో దాన్ని రేటింగ్‌గా మార్చారు. 1 శాతం క్రిట్‌కు 60వ లెవెల్‌లో 14 రేటింగ్, 70లో 22 పైచిలుకు, 80కి వచ్చేసరికి దాదాపు 46. ధరలు పెరిగినట్టే. లెవెల్ పెరిగిన ఆనందంలో ఉన్న ఆటగాడి క్రిట్ శాతం కళ్లముందే తగ్గిపోతుంది. 2020లో వచ్చిన 'షాడోలాండ్స్'లో దీనికి తోడు, రేటింగ్‌తో వచ్చే క్రిట్ 30 శాతం దాటాక ఆపై కొనేదానికి 10 శాతం కోత, ఇంకా పైకి పోతే 20, 30 అంటూ పన్ను శ్లాబుల్లా పెరిగే కోతలు పెట్టారు. ఆట అదుపులో ఉండటానికి ఇది అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే శ్లాబులు ఎక్కడ మొదలవుతాయో ఆటలోనే రాయకపోవడాన్ని ఏ అవసరమూ సమర్థించదు.

దెబ్బలు తినేవాడి లెక్క వేరు. గైగాక్స్ భయపడ్డట్టే బాస్‌కూ క్రిట్ ఉంటుంది. వార్‌క్రాఫ్ట్‌లో ఒకప్పుడు 70వ లెవెల్ ట్యాంక్, అంటే జట్టు తరఫున దెబ్బలు కాచుకునేవాడి మీద 73వ లెవెల్ బాస్‌కు ఉన్న క్రిట్ 5.6 శాతం. డిఫెన్స్ అనే గుణం ఒక్కో అంకెకు దాన్ని 0.04 శాతం తగ్గించేది. 5.6ను 0.04తో భాగిస్తే 140. పుట్టుకతో ఉన్న 350కి అది కలిపితే 490. ఆ రోజుల్లో ఏ గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) అయినా ట్యాంక్‌ను చేర్చుకునేముందు అడిగిన మొదటి ప్రశ్న డిఫెన్స్ 490 ఉందా అనే. 489 ఉన్నవాడు ఎప్పుడో ఒకసారి బాస్ క్రిట్‌కు నేలకూలుతాడు, అతడితోపాటు 24 మంది శ్రమ పోతుంది. ఈ ఆటల చరిత్రలో ఒక భాగాహారం ఇంతమంది జీవితాల్లో ఇంత పనిచేసిన సందర్భం నాకు ఇంకొకటి కనిపించదు.

ఇప్పుడు జ్ఞాపకం సంగతి. కంప్యూటర్ పాచికకు జ్ఞాపకం ఉండదు. 25 శాతం క్రిట్ ఉన్నవాడికి వరసగా 12 దెబ్బలు క్రిట్ లేకుండా పోయే అవకాశం సుమారు 3.2 శాతం. చిన్నదే. కానీ ఒక సాయంత్రంలో వందల దెబ్బలు వేసేవాడికి అది దాదాపు తప్పకుండా ఎదురవుతుంది. ఎదురైనప్పుడు ఆట మోసం చేసిందనిపిస్తుంది. మనిషి మనసు నాలుగింట ఒకటి అంటే నాలుగు దెబ్బలకు ఒకటి అని వింటుంది. ఆటల రూపకర్త సిడ్ మెయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చెప్పింది ఇదే సంగతి. గెలుపు అవకాశం మూడింతలున్న ఆటగాడు ఓడితే దాన్ని లెక్కగా తీసుకోడు, అన్యాయంగా తీసుకుంటాడు.

2002లో వచ్చిన 'వార్‌క్రాఫ్ట్ 3' దీనికి చూపిన పరిష్కారం తర్వాత 'డోటా 2'కూ వచ్చింది. ఇవి వ్యూహపు ఆటలే అయినా వీరులు, లెవెళ్లు, క్రిట్‌లు అన్నీ ఉన్నవే. అక్కడ 25 శాతం క్రిట్ అని రాసి ఉంటే, మొదటి దెబ్బకు అసలు అవకాశం 8.5 శాతమే. అది పడకపోతే రెండో దెబ్బకు 17, మూడో దెబ్బకు 25.5, అలా పెరుగుతూ పోతుంది. ఎన్ని దుర్దినాలైనా 12వ దెబ్బకు క్రిట్ తప్పదు. పడగానే మళ్లీ 8.5 నుంచి మొదలు. దీర్ఘకాలంలో సగటు తీస్తే సరిగ్గా 25 శాతమే వస్తుంది. మారేది క్రిట్‌లు పడే తీరు. ఎండిపోయే రోజులు తగ్గుతాయి, దాంతోపాటు పండగ రోజులూ తగ్గుతాయి. నిజమైన పాచికతో ఏ రెండు దెబ్బలూ వెంటవెంటనే క్రిట్ అయ్యే అవకాశం 6.25 శాతం, ఇక్కడ దాదాపు 2 శాతమే.

ఇద్దరు ఆటగాళ్లు తలపడే చోట ఈ పద్ధతి నాకు న్యాయంగానే తోస్తుంది. చిన్న పోరులో నైపుణ్యాన్ని ఒక్క పాచిక మింగేయకుండా కాపాడుతుంది. దీనికీ ఒక చిల్లు ఉంది. తెలిసినవాడు ముందు చిన్నాచితకా సైనికుల మీద క్రిట్ లేకుండా కొన్ని దెబ్బలు వేసి, అవకాశం పెరిగాక వీరుడి మీదికి వెళ్తాడు. తెలియనివాడికి ఆ దారి ఉందనే తెలియదు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఇంకా ఆసక్తికరమైన పని చేసింది. తప్పించుకునే లెక్కకు ఇలాంటి జ్ఞాపకం పెట్టి, క్రిట్‌ను మాత్రం స్వచ్ఛమైన పాచికకు వదిలేసింది. రక్షణ విషయంలో ఆటగాడికి భరోసా కావాలి, దాడిలో ఉత్కంఠ కావాలి. ఆ విభజన వెనకున్న ఆలోచన నాకు చాలా సరైనదనిపిస్తుంది.

క్రిట్ ఎంత తరచుగా పడుతుందన్నది సగం లెక్క. పడితే ఎంత పెద్దదన్నది మిగతా సగం. 2020 నాటి గెన్షిన్ ఇంపాక్ట్ ఆడేవాళ్లు 'ఒకటికి రెండు' అని చెప్పుకునే సూత్రం ఇక్కడిదే. అక్కడ క్రిట్ శాతం ఒక పాలు ఇచ్చే ధరకే క్రిట్ దెబ్బ రెండు పాళ్లు దొరుకుతుంది. క్రిట్ 70 శాతం, అదనపు దెబ్బ 140 శాతం ఉంటే సగటు దెబ్బ 1.98 రెట్లు. అదే వనరులతో క్రిట్‌ను 100కి తోసి అదనపు దెబ్బను 80కి దించితే 1.8 రెట్లు. క్రిట్‌ను 40కి దించి అదనపు దెబ్బను 200కి పెంచినా 1.8 రెట్లే. రెండు అంకెల లబ్ధం గరిష్ఠంగా ఉండేది వాటి ఖర్చు సమానంగా పంచుకున్నప్పుడే. స్కూల్లో చదివిన దీర్ఘచతురస్రం లెక్కే, ఇక్కడ ప్రాణం పోసుకుంది.

ఫైనల్ ఫాంటసీ 14 ఈ రెంటినీ ఒకే అంకెకు కట్టేసింది. 90వ లెవెల్‌లో క్రిట్ పాయింట్లలోంచి 400 తీసేసి, 200తో గుణించి, 1900తో భాగించి, దశాంశాలు వదిలేస్తారు. దానికి 50 కలిపి పదోవంతు చేస్తే క్రిట్ శాతం. 2350 పాయింట్లున్నవాడికి 25.5 శాతం. అదే అంకె వల్ల దెబ్బ కూడా 1.605 రెట్లకు పెరుగుతుంది. ఒక్క గుణం రెండు చోట్లా పనిచేస్తుంది కనుక ఎంత పోగేస్తే అంత లాభం, అందుకే అందరూ దానికోసమే ఎగబడతారు. మిగతా గుణాలు వెలవెలబోవడానికి ఇదే కారణం, ఇది లోపమేనని నా అభిప్రాయం. దశాంశాలు వదిలేయడంలో ఇంకో సంగతి ఉంది. 2348 నుంచి 2356 దాకా ఏ అంకె ఉన్నా క్రిట్ 25.5 శాతమే. 2357 దగ్గర 25.6 అవుతుంది. ఎనిమిది పాయింట్లు పెంచినా ఒరిగేదేమీ ఉండకపోవచ్చు, ఒక్క పాయింటుతో మెట్టు ఎక్కనూవచ్చు.

ఈ సూత్రాల్లో చాలా వాటిని ఆటగాళ్లే తవ్వి తీశారు. కంపెనీలు మొదట్నుంచీ చెప్పినవి తక్కువ. చెప్పిందీ చేసిందీ ఒకటి కాకపోవడం కూడా ఈ చరిత్రలో ఉంది. 1996 నాటి మొదటి పోకెమాన్‌లో క్రిట్‌ను పెంచాల్సిన 'ఫోకస్ ఎనర్జీ' అనే విద్య, కోడ్‌లో జరిగిన పొరపాటు వల్ల క్రిట్‌ను నాలుగో వంతుకు దించేది. అది పొరపాటు కనుక క్షమించవచ్చు. డబ్బు కలిసినప్పుడు సంగతి వేరు. దక్షిణ కొరియాలో 'మేపుల్‌స్టోరీ' ఆటలో డబ్బు పెట్టి కొనే క్యూబ్‌లనే వస్తువులు ఇచ్చే ఫలితాల అవకాశాలను ఆటగాళ్లకు చెప్పకుండా మార్చారని 2024 జనవరిలో అక్కడి వాణిజ్య పోటీ కమిషన్ ఆ ఆట నడిపే నెక్సన్ సంస్థకు 1160 కోట్ల వాన్‌కు పైగా జరిమానా వేసింది. అదే ఏడు మార్చి 22 నుంచి అలాంటి వస్తువుల అవకాశాలు బయటపెట్టడం అక్కడ చట్టమైంది. క్రిట్ ఆ చట్టం పరిధిలోకి సూటిగా రాదు. కానీ క్రిట్ పెంచే వస్తువును డబ్బుకు అమ్మే ఆట, ఆ క్రిట్ ఏ వరసలో లెక్కకు వస్తుందో దాచడం నాకు సమ్మతం కాదు. నియమం రాసిపెడితే ఆట రసం తగ్గదు. పాచిక ఎలాగూ పాచికే.

రాసిపెట్టే దాకా ఆటగాడి చేతిలో ఉన్నది కొలత. దెబ్బలు తిని తిరిగి కొట్టని శిక్షణ బొమ్మ ముందు నిలబడి లెక్కపెట్టడం. 25 శాతమా 26 శాతమా అని నమ్మకంగా తేల్చాలంటే ఎన్ని దెబ్బలు కావాలి? ఒక శాతం అటూ ఇటూగా, 95 పాళ్లు నిశ్చింతగా చెప్పాలంటే దాదాపు 7200. 200 దెబ్బలు వేసి 58 క్రిట్‌లు వచ్చాయని ఆట క్రిట్ పెంచిందనుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి: అంత మాత్రం కొట్టినప్పుడు 38 నుంచి 62 దాకా ఏది వచ్చినా మామూలే. 7200 కంటే తక్కువలో తేల్చే తెలివైన ఉపాయం ఏమైనా ఉందా అంటే, లేదని నిరూపించినవాడు మనవాడే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో ప్రచురించిన ఫలితం, ఒక పక్షపాతం లేని అంచనాలో చెదురు ఎంతకంటే తగ్గదో చెబుతుంది. క్రేమర్-రావు అవధి అని ప్రపంచం పిలిచే ఆ గీత మీదే, క్రిట్‌లను దెబ్బలతో భాగించే మన సాదా లెక్క సరిగ్గా నిలబడుతుంది. దెబ్బలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, అంతకు మించిన ఉపాయం వెతకనక్కర్లేదు.

సంబంధం ఉందా లేదా అన్నది మాత్రం ఇంకా త్వరగా తెలుస్తుంది, చాలామంది ఆ పరీక్ష చేయరు. సగటు కోసం లెక్కపెట్టకుండా, ఒక క్రిట్ తర్వాత వచ్చే దెబ్బను మాత్రమే రాసుకోండి. అది కూడా క్రిట్ అయిందా కాలేదా. జ్ఞాపకం లేని పాచికైతే 100 క్రిట్‌ల వెనక దాదాపు 25 సార్లు వెంటనే ఇంకో క్రిట్ వస్తుంది. వార్‌క్రాఫ్ట్ 3 పద్ధతైతే ఎనిమిదో తొమ్మిదో సార్లు. ఈ రెండు అంకెలు ఎంత దూరంగా ఉన్నాయంటే, ఏ పద్ధతో తేల్చడానికి 400 దెబ్బలు చాలు.